ముచుకుందుడు కోరిన సెలవు
పటాన్‌చెరు నుంచి అనంతగిరికి ఒక వేసవి నడక

వేసవి వచ్చిందంటే చాలు, మన ఇళ్లలో ఒక ప్రశ్న బయలుదేరుతుంది: "ఈసారి ఎక్కడికి?" ఊటీ అంటారు పిల్లలు. తిరుపతి అంటారు పెద్దవాళ్లు. ఇద్దరి మాటా విని, గోడమీది క్యాలెండరు వంక ఒకసారీ, జీతం చీటీ వంక ఒకసారీ చూసి, ఇంటాయన "చూద్దాం" అంటాడు. ఆ చూద్దాం అన్నమాట జూన్ రెండోవారం దాకా అలాగే నానుతుంది. ఈలోగా బడిగంట మోగుతుంది. ఇక మళ్లీ వచ్చే ఏడు చూసుకోవలసిందే!

మా ఇంట్లో పన్నెండేళ్లుగా జరుగుతున్న తంతు ఇదే. మా కాపురం పటాన్‌చెరులో. మావారు ఇక్కడి ఒక కర్మాగారంలో మూడు షిఫ్టుల ఉద్యోగి. వారం పగలు, వారం సాయంత్రం, వారం రాత్రి. రాత్రి షిఫ్టు వారంలో మా ఇంట్లో పగలు ఎవరూ గట్టిగా మాట్లాడరు. కుక్కరు కూత పెట్టకముందే పొయ్యి ఆర్పేస్తాను. పిల్లలు పిల్లుల్లా నడుస్తారు. ఇటువంటి ఇల్లు మాది ఒక్కటే కాదు. రామచంద్రాపురం నుంచి పాశమైలారం దాకా, అక్కణ్ణించి సంగారెడ్డి దాకా, కిటికీలకు దుప్పట్లు కట్టి పగటిని రాత్రి చేసుకునే ఇళ్లు వేలు ఉన్నాయి.

ఆ పన్నెండేళ్ల తరువాత మేమూ ఒక వేసవి ప్రయాణం చేశాం. ఊటీ కాదు, తిరుపతి కాదు. ఇంటినుంచి నలభై మైళ్లయినా లేని అనంతగిరి కొండలకు వెళ్లి, నాలుగు రోజులు నడిచి వచ్చాం. అదీ ఒక ప్రయాణమేనా అని నవ్వకండి. దీనికి మూలం ఎక్కడున్నదో చెబితే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

పసుపు పలక

మా అన్నయ్య కొడుకు కంది ఐ.ఐ.టి.లో చదువు ముగించి పైచదువుకు ఫ్రాన్సు వెళ్లాడు. అక్కడి వేసవిలో, అంటే జూలై నెలలో, స్నేహితులతో కలిసి ఆల్ప్స్ కొండల్లో షమొనీ అనే ఊరికి వెళ్లి ఒక ఫోటో పంపాడు. మంచుకొండ ఫోటో అనుకున్నారా? కాదు. రెండు కాలిబాటలు విడిపోయే చోట నాటిన ఒక పసుపుపచ్చ పలక. దానిమీద పైఊరి పేరు, దాని పక్కన 2 గంటల 15 నిమిషాలు అని. మైళ్లు లేవు, కిలోమీటర్లు లేవు. "అత్తా, ఇక్కడ దూరాన్ని కాళ్లతో కొలుస్తారు, బండితో కాదు" అని కింద రాశాడు.

ఆ పలక నాకు ఎందుకో మనసులో నాటుకుపోయింది. ఆ ఊరి సంగతి ఏమిటో కాస్త చదివి చూశాను.

షమొనీ సముద్రమట్టానికి సుమారు 3,400 అడుగుల ఎత్తున ఉన్న లోయ. దాని నెత్తిమీద 15,700 అడుగులు దాటిన మోంబ్లా శిఖరం. ఒకప్పుడు అక్కడివాళ్లు ఆ మంచును చూసి భయపడేవాళ్లే తప్ప సరదాగా ఎక్కేవాళ్లు కారు. 1760లో జెనీవా పండితుడు సోస్యూర్, శిఖరానికి దారి కనిపెట్టినవారికి బహుమతి ఇస్తానన్నాడు. ఇరవై ఆరేళ్లు గడిచాక, 1786 ఆగస్టు 8న, కొండల్లో స్ఫటికాలు ఏరుకుని బతికే బల్మా అనే అతనూ, ఆ ఊరి వైద్యుడు పక్కారూ కలిసి ఎక్కారు. 1821 నాటికి దారి చూపేవాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. అది ఇప్పటికీ ఉన్నది.

అయితే అంతటి శిఖరం ఎక్కేది కొద్దిమందే. వేసవిలో అక్కడికి వచ్చే కుటుంబాలలో చాలామంది చేసే పని, ఊరినుంచి ఊరికి, లోయనుంచి కనుమకు నడవడం. వీపున ఒక సంచీ, అందులో రొట్టె, జున్ను, నీళ్లు. 1947 నుంచి ఫ్రాన్సులో దూరపు కాలిబాటల వెంట చెట్లమీదా రాళ్లమీదా ఎరుపు తెలుపు గీతలు గీస్తూ వచ్చారు. ఆ గీతలు పట్టుకుని పోతే చాలు, దారి తప్పరు. మోంబ్లా చుట్టూ తిరిగివచ్చే బాట ఒకటి ఉన్నది. ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండు మూడు దేశాలూ తొక్కుతూ సుమారు నూటఐదు మైళ్లు. మన గిరిప్రదక్షిణం లాంటిదే; కాకపోతే పది రోజులు పడుతుంది.

"వాళ్లకేం, డబ్బున్న దొరలు" అన్నారు మావారు. నేనూ అదే అనుకున్నాను. కాని విషయం అది కాదు.

పదిహేను రోజుల లెక్క

1936కు ముందు ఫ్రాన్సులో ఫ్యాక్టరీ పనివాడికి వేసవి ప్రయాణమనేది దాదాపు లేదనే చెప్పాలి. పని మానితే కూలి పోయేది. ఆ ఏడు వేసవి ముఖాన దేశమంతటా సమ్మెలు జరిగాయి. లియోం బ్లూమ్ ప్రభుత్వం వచ్చి జూన్ 20న చట్టం చేసింది: ఏడాది పనిచేసినవాడికి రెండు వారాల సెలవు, జీతంతో సహా. అంతటితో ఊరుకోలేదు. చేతిలో సెలవు ఉండి రైలుకు డబ్బు లేకపోతే ఏం లాభం? అందుకని లియో లగ్రాంజ్ అనే యువమంత్రి పూనుకుని, సెలవుమీద పోయే పనివాళ్లకు రైలు టిక్కెట్టులో నూటికి నలభై తగ్గించే ఏర్పాటు చేయించాడు. ఆ వేసవిలో సముద్రాన్ని, కొండనూ మొదటిసారి చూసిన కార్మిక కుటుంబాలు లక్షల్లో ఉన్నాయి. తరువాత ఆ రెండు వారాలు పెరిగి 1956లో మూడు, 1969లో నాలుగు, 1982లో అయిదు అయ్యాయి.

మరి మనకు? మనకూ లేకపోలేదు! 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మన పనివాడికి ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో సెలవు ఇచ్చింది. ఏడాదిలో 240 రోజులు పనిచేసి ఉండాలన్నది దాని షరతు. 2020లో పార్లమెంటు చేసిన కొత్త కోడ్ కూడా ఇరవైకి ఒకటి అన్న లెక్కనే ఉంచి, 240ని 180కి దింపింది. మావారు ఏడాదికి మూడువందల రోజులు పనిచేస్తారు. మూడువందలను ఇరవైతో భాగించండి. పదిహేను! 1936లో ఫ్రాన్సు పనివాడికి దక్కినదీ దాదాపు అంతే.

ఆ లెక్క కాగితం మీద వేసి మావారికి చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చూసి, "ఉన్న సంగతి నాకూ తెలుసు" అన్నారు.

"మరి ఏం చేస్తున్నట్టు?"

"ఏం చేస్తాం! రెండు పెళ్లిళ్లకు, ఒకటి దశదినకర్మకు. పిల్లలకు జ్వరమొస్తే రెండు. మిగిలినవి అమ్ముకుంటున్నాంగా! పోయినసారి ఆ డబ్బుతోనే ఫ్రిజ్జు కొన్నది."

అదీ నిజమే. సెలవును ఎవరమూ పారేయడంలేదు. చావుకూ పెళ్లికీ వాడుతున్నాం, తక్కినది అమ్ముతున్నాం. విశ్రాంతి కోసం మాత్రం వాడడంలేదు. మా పక్కింట్లో ఉండే ఒరిస్సా కుర్రాడు కాంట్రాక్టరు కింద పనిచేస్తాడు. అతని సంగతి ఇంకా కష్టం. చట్టం ఏమన్నా, రాని రోజుకు కూలి లేదంటాడు కాంట్రాక్టరు. ఫ్రాన్సు పనివాడు 1936కు ముందు ఎక్కడున్నాడో, ఆ అబ్బాయి ఈనాటికీ అక్కడే ఉన్నాడు.

ఇంతవరకు వస్తే నేనూ "వచ్చే ఏడు చూద్దాంలే" అనేదాన్నే. కాని 2025 జూన్ 30న పాశమైలారంలో, మందుల తయారీకి సంబంధించిన ఒక కర్మాగారంలో పేలుడు జరిగింది. నలభై మందికి పైగా పోయారు. మావారు పనిచేసేది అక్కడ కాదు. అయినా ఆ ఉదయం షిఫ్టులో ఉన్నారు. లోపలికి పోయేటప్పుడు ఫోను గేటు దగ్గర పెట్టెలో పెట్టి పోవాలి. ఊరంతా అంబులెన్సుల కూతలు. నేను గంటసేపు ఆ ఫోనుకు చేస్తూనే ఉన్నాను. అది పెట్టెలో మోగుతూనే ఉన్నది.

సాయంత్రం ఆయన ఇంటికి వచ్చారు. చాలామంది ఇళ్లకు రాలేదు. ఆ రోజు తరువాత "వచ్చే ఏడు" అన్నమాట నా నోట రాలేదు. మర్నాటి వేసవికి ముందే ఆయనే సెలవు చీటీ తెచ్చి బల్లమీద పెట్టారు. నాలుగు రోజులు. అందులో "కారణం" అన్న గడి ఒకటి ఉంటుంది. ఎప్పుడూ వివాహం అనో, అస్వస్థత అనో రాసేవారు. ఈసారి కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించి, ఆ గడి ఖాళీగా వదిలేశారు.

నిద్ర కోరిన రాజు

అనంతగిరే ఎందుకంటారా? ఒకటి, దగ్గర. లింగంపల్లిలో రైలెక్కితే శంకరపల్లి మీదుగా వికారాబాదు. అక్కణ్ణించి కొండ మూడు నాలుగు మైళ్లు. రెండు, ఖర్చు తక్కువ. మూడోది మా అత్తగారు చెప్పిన కథ.

భాగవతంలో ముచుకుందుడి కథ మీకు తెలిసే ఉంటుంది. మాంధాత కొడుకు. దేవతల తరఫున రాక్షసులతో ఏళ్ల తరబడి, పగలనక రాత్రనక యుద్ధం చేశాడు. చివరకు కుమారస్వామి సేనాపతిగా వచ్చాక, "నీ పని అయిపోయింది, ఏం కావాలో కోరుకో" అన్నాడు ఇంద్రుడు. రాజ్యం కోరాడా, ధనం కోరాడా? "నాకు నిద్ర కావాలి. ఎవరూ లేపకూడదు. లేపినవాడు నా చూపుకు భస్మమైపోవాలి" అన్నాడు. అలా ఒక గుహలో పడుకున్నాడు. కాలయవనుడు తరుముకుంటూ వస్తుంటే శ్రీకృష్ణుడు ఆ గుహలో దూరాడు. వెనకాలే వచ్చిన కాలయవనుడు పడుకున్నవాణ్ణి కృష్ణుడనుకుని కాలితో తన్నాడు. ముచుకుందుడు కళ్లు తెరిచాడు. కాలయవనుడు బూడిదయ్యాడు. ఆ గుహ అనంతగిరిలోనే ఉన్నదనీ, అక్కడ పుట్టిన ముచుకుందా నదే మన మూసీ అనీ స్థలపురాణం.

కథ అయిపోగానే మా అబ్బాయి పడకగది వైపు చూసి, "మన ముచుకుందుడు ఈ వారం నైట్ షిఫ్టు" అన్నాడు. అందరం నోళ్లకు చేతులడ్డం పెట్టుకుని నవ్వాం. నవ్వాక నాకు అనిపించింది: ఇన్ని పురాణాల్లో ఇంతమంది ఇన్ని వరాలు కోరారు. అలసినవాడు అడిగే వరం అడిగినవాడు ఈ ఒక్కడే.

మొదటి రోజు పాఠం

మే నెల. వికారాబాదు స్టేషనులో దిగేసరికి తొమ్మిదవుతున్నది. ఆటోవాళ్లు చుట్టుముట్టారు. సామాను ఒక ఆటోలో ముందు పంపి మేమూ ఎక్కబోతుంటే మా అత్తగారు ఎక్కనన్నది. ఆమె పుట్టిల్లు జోగిపేట దగ్గరి పల్లె. వయసు డెబ్బై దాటింది.

"గీ కొండకు ఆటో ఎందుకు బిడ్డా? ఏడుపాయల జాతరకు మేము సంకల పిల్లలనేసుకొని నడిచినం. తెల్లారగట్ల బయలెల్లితే పొద్దుగూకెటాళ్లకు అమ్మవారి గుడి కాడ ఉన్నం."

సరే, నడిచాం. నడిచి తప్పు చేశాం! పది గంటలకే ఎండ నిప్పులు చెరుగుతున్నది. తెచ్చిన నీళ్లు సగం దారిలో అయిపోయాయి. మా అమ్మాయి ప్రయాణానికని కొన్న కొత్త బూట్లు మడమ కొరికాయి. మావారు ఏమీ అనలేదుగాని, ఆ అనకపోవడంలోనే చాలా ఉన్నది. చివరకు ఒక మర్రిచెట్టు నీడన కూలబడి, పోతున్న ఆటోను ఆపి మా అత్తగారితో సహా ఎక్కాం.

"జాతరకు పోయింది శివరాత్రికి. గిది మే నెలాయె," అన్నది ఆవిడ, తప్పు క్యాలెండరుదే అన్నట్టు.

అసలు సంగతి ఏమిటంటే, ఆల్ప్స్ లోయలో వేసవి అంటే చల్లగాలి, పచ్చికబయలు. మన వేసవి అంటే ఎండ. అనంతగిరి రెండువేల అడుగుల పైచిలుకు ఎత్తేగాని ఊటీ కాదు. రాత్రులు పటాన్‌చెరుకంటె కాస్త చల్లన, అంతే. కాని చిత్రం చూడండి, అక్కడి నడకకూ ఇక్కడి నడకకూ నియమం ఒకటే. ఆల్ప్స్‌లో మధ్యాహ్నం దాటితే ఉరుములు మెరుపులు పట్టుకుంటాయని తెల్లవారకముందే బయలుదేరి, మధ్యాహ్నానికల్లా గూడు చేరతారట. మనకూ అంతే. ఉదయం అయిదుకు బయలుదేరాలి, ఎనిమిదిన్నరకు నీడ చేరాలి. మళ్లీ అయిదు దాటాకనే కాలు బయటపెట్టాలి. మే నెల సాయంత్రాలు మనకూ గాలిదుమారం, వడగళ్లు ఉంటాయి కనుక మబ్బు కనబడితే చెట్టుకింద నిలవకూడదు.

"ఊకెనే ఎవరు నడుస్తరు?"

రెండోరోజు బుద్ధిగా నాలుగున్నరకే లేచాం. తలా ఒక నీళ్ల సీసా. మా అమ్మాయికి పాత చెప్పులు. సంచీలో జొన్నరొట్టెలు, పచ్చికారం, ఉల్లిపాయలు, మజ్జిగ. జున్నుకు మేమేమీ తీసిపోలేదు!

అనంతగిరి మట్టి ఎర్రగా, గుల్లగుల్లగా ఉంటుంది. ఎర్రరాతి నేల అది. తొలివెలుతురు పడేసరికి బాట అంతా పసుపు కుంకుమ కలిపినట్టు కనబడింది. మే నెలలో టేకుచెట్లకు ఆకు ఉండదు. అడవి ఎండిపోయిందనిపిస్తుంది. కాని మెల్లిగా నడిస్తే అందులోనే ఎంతో ఉన్నది. తునికిపళ్లు రాలి ఉన్నాయి. మా అత్తగారు ఏరి, కొంగున తుడిచి, పిల్లల చేత తినిపించింది. దూరాన నెమలి కూత. మా అబ్బాయి ఫోను తీయబోయి, అది ఎక్కడున్నదో కనబడక, జేబులో పెట్టుకుని చెవులు రిక్కించాడు.

ఒక మలుపు దగ్గర మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఎదురయ్యాడు. ఆగి మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"యాడికి పోతున్నరు సారూ? గుడి అటు లేదు."

"గుడికి కాదు పెద్దాయనా. ఊరికే నడుస్తున్నాం," అన్నారు మావారు కొంచెం సిగ్గుపడుతూ.

"ఊకెనే ఎవరు నడుస్తరు?"

మావారి దగ్గర జవాబు లేదు. సెలవు చీటీలో ఖాళీగా వదిలిన గడి నాకు గుర్తొచ్చింది.

మా అత్తగారే అందుకున్నది. "గీయన ఏడాదంత మిషను కాడ నిలబడే ఉంటడు తమ్మీ. కాళ్లు నడక మరిచిపోయినయి. జర యాది చేస్తున్నం."

పెద్దాయన ఫక్కున నవ్వాడు. నవ్వి, తానే ముందు నడిచి లోయ అంచుకు పోయే అడ్డదారి చూపించాడు. షమొనీలో ఆ పనికి రెండువందల ఏళ్లనాటి సంఘం ఉన్నది. పసుపు పలకలున్నాయి. మనకు మేకలకాపరి ఉన్నాడు. డబ్బులివ్వబోతే పుచ్చుకోలేదు. రెండు రొట్టెలు మాత్రం తీసుకున్నాడు.

మూసీ పుట్టిన చోట

మూడోరోజు తెల్లవారుజామున అనంత పద్మనాభస్వామి దర్శనం చేసుకుని దిగువకు దిగాం. కోతులు మా సంచీమీద ఒక కన్నేసి వెంటవచ్చాయి. కొండ మడతలో రాళ్లసందున సన్నని తేమ, దానికింద చిన్న నీటిచెలమ. మే నెల కనుక అంతే. వానలు పడ్డాక ఇదే పారుతుంది. ఇక్కడ మొదలైన ఈ నీరే హైదరాబాదు నడుమనుంచి పోయి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరులో పొంగి హైదరాబాదును ముంచి వేలమందిని పొట్టన పెట్టుకున్నదీ ఇదే. ఆ వరద తరువాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాలు తీసుకుని ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. తరాలపాటు నగరం తాగింది ఆ నీళ్లే.

ఇదంతా నేను పిల్లలకు పాఠంలా చెబుతుంటే మా అమ్మాయి వినడంలేదు. చెలమ దగ్గర గొంతుక్కూర్చుని, చెయ్యి చాపి, మళ్లీ వెనక్కు తీసుకుని నావంక చూసింది.

"అమ్మా, ఈ నీళ్లు ముట్టుకోవచ్చా?"

నా నోట మాట రాలేదు. ఆ పిల్ల తప్పు కాదు. పటాన్‌చెరు పిల్లలకు వాగు అంటే నక్కవాగు. మంజీరలో కలిసే ఆ వాగు, చుట్టుపక్కల చెరువులూ ఫ్యాక్టరీల మురుగుతో పాడై, రైతుల మొర 1990లో సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. ఆ తరువాత ఎన్నో ఏర్పాట్లు జరిగాయి. అయినా "వాగు దగ్గరకు పోవద్దు, ఆ నీళ్లు ముట్టుకోవద్దు" అని నేనే ఆ పిల్లకు నడక వచ్చినప్పటినుంచి చెబుతూ వచ్చాను. నీటిని చూసి అనుమానపడడం నేను నేర్పిన విద్యే!

"ముట్టుకో బిడ్డా," అన్నది మా అత్తగారు. "గిది ఇంకా పసిది."

రెండు చేతులూ ముంచింది. చల్లగా ఉన్నదని అరిచింది. తరువాత మా అబ్బాయి, తరువాత మావారు. ఆయన ప్యాంటు పైకి మడిచి ఆ బెత్తెడు నీళ్లలో పాదాలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. ఉక్కుబూట్లలో ఏళ్లతరబడి నానిన పాదాలు తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. ఇన్నేళ్లలో వాటిని నేను అంత పరీక్షగా చూసింది అప్పుడే.

ఈ కొండగాలి మేలు చేస్తుందని ఇవాళ మేము కనిపెట్టలేదు. నిజాం కాలంలోనే క్షయరోగుల కోసం ఇక్కడ ఆసుపత్రి పెట్టారు. ఆల్ప్స్‌లోనూ అంతే. షమొనీకి పొరుగునే ఉన్న పస్సీ గుట్టలమీద క్షయరోగులకు పెద్ద పెద్ద ఆరోగ్యాలయాలు ఉండేవి. రేడియం కనిపెట్టిన మేరీ క్యూరీ తుదిశ్వాస విడిచింది కూడా అక్కడి సాన్సెల్మోజ్ ఆరోగ్యాలయంలోనే, 1934 జూలై 4న. మందులు చేతకానప్పుడు వైద్యులు రాసిన చీటీ ఒకటే: కొండకు వెళ్లు, గాలి పీల్చు, విశ్రాంతి తీసుకో. జబ్బుపడ్డాక రాసే ఆ చీటీని పడకముందే ఎందుకు వాడుకోకూడదు అనిపించింది నాకు.

ఆ మధ్యాహ్నం మావారు వసతిగృహం వరండాలో తుండుగుడ్డ పరుచుకుని పడుకున్నారు. పక్కన కోతుల గోల, ఎవరో పిల్లల కేరింతలు, బస్సు హారను. కిటికీకి దుప్పటి లేదు, ఇంట్లో మాదిరి ఎవరూ పిల్లుల్లా నడవలేదు. అయినా నాలుగు గంటలు కదలకుండా నిద్రపోయారు. టీ తెచ్చిన కుర్రాడు లేపబోతే మా అబ్బాయి పరుగెత్తుకుపోయి అడ్డం నిలబడ్డాడు.

"లేపకన్నా! బూడిదైపోతవ్!"

నడవదలచినవారికి నాలుగు మాటలు

మీరూ ఇటువంటి నడక సెలవు చేయదలిస్తే మా అనుభవం మీద కొన్ని సంగతులు చెబుతాను.

వేసవిలో తెల్లవారుజామునా సాయంత్రమూ తప్ప నడక వద్దు. పూటకు మూడు నాలుగు మైళ్లు చాలు. పిల్లలుంటే ఇంకా తక్కువ. ప్రయాణం కోసం కొత్త చెప్పులు కొనవద్దు. కాలికి అలవాటుపడ్డవే మేలు. మనిషికి రెండు సీసాల నీళ్లకు తక్కువ కాకుండా పట్టుకోండి. దారిలో దొరుకుతాయిలే అనుకోవద్దు. తలకు తువ్వాలు, పిల్లలకు టోపీ. మజ్జిగ, ఉప్పు వేసిన నిమ్మనీళ్లు, అంబలి ఎండకు మంచివి.

కొండమీద పర్యాటక శాఖవారి వసతిగృహం ఉన్నది. వారాంతంలో హైదరాబాదు జనం ఎగబడతారు. షిఫ్టు ఉద్యోగులకు ఇందులో ఒక సుఖం ఉన్నది: మన వారాంతం మంగళవారమైనా పడవచ్చు. అప్పుడు వెళ్తే కొండ మీదే. ముందుగా విచారించి వెళ్లండి. అడవిలో బాట విడిచి పోవద్దు. స్థానికులను అడిగి నడవండి. ఎండాకాలపు అడవికి ఒక్క అగ్గిపుల్ల చాలు, కనుక నిప్పు జోలికి పోవద్దు. మీరు తీసుకుపోయిన సంచులు, సీసాలు తిరిగి మీతోనే తెచ్చుకోండి. మూసీకి దిగువన ఎలాగూ తప్పడంలేదు. పుట్టినచోటనైనా దాన్ని పసిదానిలా ఉండనిద్దాం.

అనంతగిరి దాకా వీలుకాకపోతే పటాన్‌చెరు పక్కనే బీరంగూడ గుట్ట ఉన్నది. పొద్దున్నే ఎక్కి మల్లికార్జునస్వామిని దర్శించి దిగిరండి. ముఖ్యం కొండ ఎత్తు కాదు. ఇంట్లోవాళ్లంతా ఒకే వేగంతో, ఒకే వైపుకు నడవడం. మా ఇంట్లో నలుగురం నాలుగు వేళల్లో తింటాం, నాలుగు వేళల్లో పడుకుంటాం. ఆ నాలుగు రోజులూ అందరికీ ఒకటే పొద్దు పొడిచింది.

గడిలో రాసిన మాట

అయిదోరోజు తెల్లవారి మావారు మొదటి షిఫ్టుకు వెళ్లారు. డబ్బు లెక్క చూసుకుంటే, ఆ నాలుగు రోజుల సెలవు అమ్మితే వచ్చే మొత్తం పోయింది. పైన ఖర్చు వేరే. వంటింట్లోకి కొనాలనుకున్న మిక్సీ మరో ఏడాది ఆగింది. పాతదే గరగరమంటూ తిరుగుతున్నది. అబద్ధం ఎందుకు, ఆ శబ్దం విన్నప్పుడల్లా ఒక్క క్షణం మనసు పీకుతుంది.

వారం తరువాత ఆయన వచ్చి చెప్పారు. సెలవు చీటీ వెనక్కు వచ్చిందట. కారణం గడి ఖాళీగా ఉంటే దస్త్రంలో పెట్టడానికి కుదరదట, ఏదో ఒకటి రాసి ఇమ్మన్నారట.

"ఏం రాశారు?" అన్నాను.

"నడక అని రాశాను. గుమాస్తా చదివి, ఆసుపత్రిలో డాక్టరు నడవమన్నాడా అని అడిగాడు. కాదు, మా అమ్మ నడవమన్నదన్నాను."

"ఊరుకున్నాడా?"

"ఊరుకోలేదు. ఎక్కడికి వెళ్లారు, ఎంతయింది, పిల్లలు నడిచారా అని అరగంట అడిగాడు. అతనికీ ఇంకా పదకొండు రోజులున్నాయట."

మా అత్తగారు బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. "గాయన్ను పాత చెప్పులు ఏసుకోమని చెప్పు బిడ్డా," అన్నది.